చర్మం బాగుండాలంటే తిండి మార్చాలా, మొక్కల సారాలు రాయాలా?

రెండూ పనిచేస్తాయి, దారులు వేరు. చర్మాన్ని బిగువుగా ఉంచే కొల్లాజెన్ తయారవ్వాలంటే విటమిన్ సి తప్పనిసరి. అది బాగా తగ్గితే గాయాలు సరిగా మానవు. చక్కెర, మైదా ఎక్కువైతే ఇన్సులిన్ పెరిగి, నూనె గ్రంథులు చురుకై కొందరికి మొటిమలు ఎక్కువవుతాయి. క్యారెట్లు మరీ ఎక్కువ తింటే అరచేతులు పచ్చబడతాయి. కామెర్లేమోనని టెన్షన్ వద్దు, కళ్లు తెల్లగానే ఉంటాయి.

పైపూతల్లో గ్రీన్ టీ సారం, కలబంద గుజ్జు కొంత మేలు చేస్తాయి. మొక్కదే కదా అని నిమ్మరసం నేరుగా రాయడం మాత్రం నాకు నచ్చదు. దాని పీహెచ్ (ఆమ్లత్వాన్ని చెప్పే కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 2 దగ్గర, చర్మానిది 5 దగ్గర. పైగా అది రాసుకుని ఎండలోకి వెళ్తే బొబ్బలు, నల్లమచ్చలు రావచ్చు. కొత్తది ఏదైనా ముందు మోచేతి మడతలో కాస్త రాసి 2 రోజులు చూడండి.