సకజవియా లేకపోతే లూయిస్, క్లార్క్ పసిఫిక్ చేరేవారా?

చేరేవారు కాదు. ఆ మాటకొస్తే, దారిలో ఉన్న తెగలవాళ్లు చెయ్యి అందించకపోతే ఆమె ఉన్నా చేరేవారు కాదు. లూయిస్, క్లార్క్ అంటే 1804లో అమెరికా ప్రభుత్వం పసిఫిక్ సముద్రానికి దారి వెతకమని పంపిన సైనికాధికారులు. సకజవియా వాళ్ల వెంట దుబాసీగా వెళ్లిన షోషోనీ తెగ అమ్మాయి. వాళ్లు దాటిన లెమ్‌హై పాస్ అనే కనుమ మీద నిలబడ్డాక నాకు ఇందులో అనుమానం పోయింది.

మేం సియాటిల్‌లో ఉంటాం. మా నాన్న ప్రకాశం జిల్లాలో సర్వేయర్‌గా చేసి రిటైరయ్యారు. ఆయన వచ్చినప్పుడు ఎల్లోస్టోన్ వెళ్తూ దారి మళ్లించి ఈ కనుమకి తీసుకెళ్లాను. మోంటానా, ఐడహో సరిహద్దు మీద, 7,373 అడుగుల ఎత్తులో ఉంటుంది. మట్టిరోడ్డు, ఫోన్ సిగ్నల్ లేదు, టెన్షన్ పడుతూనే ఎక్కాను. ఎల్లోస్టోన్‌లో పార్కింగ్ కోసం గంటలు తిరిగే మనవాళ్లు ఇటువైపు ఎందుకు రారో నాకు అర్థం కాదు. మేం ఉన్నంతసేపూ ఇంకో కారు రాలేదు.

1805 ఆగస్టు 12న లూయిస్ ఇక్కడికి ఎక్కాడు. అంతకుముందు జూన్ చివర్లో గ్రేట్ ఫాల్స్ జలపాతాల దగ్గర, చెట్టు మొద్దులు కోసి చేసుకున్న చక్రాల బండ్ల మీద పడవల్ని, సామాన్ని 18 మైళ్లు లాక్కొచ్చారు. నాగజెముడు ముళ్లు తోలు చెప్పుల్లోంచి దిగి కాళ్లు పుండ్లయ్యాయి. ఇంత పడ్డాక, ఈ గట్టు దాటితే పసిఫిక్‌కి పోయే కొలంబియా నదిలో కలిసే ఏరు ఉంటుంది, పడవలేసుకుని దిగిపోవచ్చని ఆశ. పైకెక్కి చూస్తే పడమటివైపు మంచు కప్పిన కొండలు, వాటి వెనక మళ్లీ కొండలు.

నాన్న అక్కడే చాలాసేపు నిలబడ్డారు. "ఒరే, ఇది చూసి దారి ఎవడు చెప్తాడురా? ఇక్కడ పుట్టినవాడే చెప్పాలి" అన్నారు.

జరిగింది అదే. షోషోనీల నాయకుడు కమియావెయిట్ నేల మీద నదులు గీసి, వాటి పక్కన ఇసుక కుప్పలు పోసి, ఇవీ కొండలు అని లూయిస్‌కి చూపించాడు. ఆయన సకజవియాకి అన్న. చిన్నప్పుడు హిడాట్సా తెగవాళ్లు ఎత్తుకుపోయిన చెల్లెలు, చంకలో ఆరు నెలల బిడ్డతో, తెల్లవాళ్ల వెంట తిరిగొచ్చింది. గుర్రాల బేరం ఆమె నోటి మీదుగానే జరిగింది. ఆ గుర్రాలే లేకపోతే తర్వాత బిట్టర్‌రూట్ కొండల్లో, తినడానికేమీ లేక గుర్రప్పిల్లల్ని కోసుకుతిన్న ఆ రోజుల్లో, అందరూ అక్కడే పోయేవారు. కొండలు దిగాక అన్నం పెట్టింది నెజ్ పెర్స్ తెగవాళ్లు. ముందున్న నదిని ఎల్క్ అనే పెద్ద దుప్పి తెల్లటి తోలు మీద గీసిచ్చిందీ వాళ్లే.

అందుకే "మ్యాప్ లేని ప్రాంతం" అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. మ్యాప్ కాగితం మీద లేదు, అంతే. పిల్లల స్కూలు పుస్తకాల్లో ఇప్పటికీ "కనుగొన్నారు" అనే రాస్తారు. నాన్న సర్వీసులో పొలం కొలవాలంటే ముందు తలారి రావాల్సిందే. తుమ్మచెట్ల కింద పూడిపోయిన హద్దురాయి ఎక్కడుందో ఆయనకే తెలుసు. గొలుసు లాగిందీ కూలీలే. పొలాల కొలతలు రాసే ఎఫ్‌.ఎం.బి. పుస్తకంలో మాత్రం సర్వేయర్ సంతకం ఒక్కటే ఉండేదని ఆయన ఇప్పటికీ బాధపడతారు.

ఈ యాత్రలోనూ అంతే. మిగతావాళ్లకి రెట్టింపు జీతం, భూములు ఇచ్చారు. సకజవియా భర్త షార్బొనోకి 500 డాలర్ల 33 సెంట్లు, 320 ఎకరాలు వచ్చాయి. ఆమెకి ఏమీ లేదు. క్లార్క్ బానిస యార్క్ అందరితో సమానంగా తుపాకీ పట్టి నడిచాడు, చలికాలం ఎక్కడ ఉండాలో తేల్చేటప్పుడు ఓటు కూడా వేశాడు. ఆయనకీ పైసా రాలేదు.

కనుమ కింద చిన్న ఊట ఉంది. మిస్సోరీ నది ఇక్కడే పుట్టిందని లూయిస్ నమ్మాడు. ఆయన మనిషి ఒకడు ఆ కాలువకి అటో కాలు, ఇటో కాలు వేసి నిలబడి, ఇంత నదిని దాటేదాకా బతికున్నానని దేవుడికి దండం పెట్టుకున్నాడట. మావాడు కూడా అలాగే నిలబడి ఫోటో దిగాడు.

తిరిగొచ్చేటప్పుడు కార్లో నాన్న అడిగారు: "ఆ కొండల్లో వీళ్లని నడిపించింది ఎవరు?"

"ఒక షోషోనీ ముసలాయన తాతయ్యా. టోబీ అనేవాళ్లు" అన్నాడు మావాడు.

"డబ్బులిచ్చారా?"

"తీసుకోకుండానే వెళ్లిపోయాడంట."