డిస్క్ గోల్ఫ్: కార్డులో ఉన్నవాళ్లే అంపైర్లు

గొలుసులు వేలాడే బుట్టలోకి డిస్క్ విసిరే ఈ ఆటను అమెరికాలో సరదాగా మొదలుపెట్టి, తర్వాత పీడీజీఏ (ఈ ఆటకు నిబంధనలు రాసే ప్రొఫెషనల్ డిస్క్ గోల్ఫ్ అసోసియేషన్) టోర్నమెంట్లలో పేరు నమోదు చేసుకున్న పాఠకులు కొందరు ప్రశ్నలు పంపారు. చాలావరకు ఒకే చోటికి వస్తున్నాయి: పక్కవాడి తప్పు చెప్పడం ఎలా? (ఒకే స్కోరు కార్డుతో కలిసి ఆడే గుంపునే ఇక్కడ 'కార్డు' అంటారు.)

ప్రశ్న: మా కార్డులో ఒకాయన ఫెయిర్‌వే (మొదటి త్రో వేసే చోటుకీ బుట్టకీ మధ్య దారి) మీద పరుగెత్తుకొచ్చి విసిరిన ప్రతిసారీ కాలు మినీ (డిస్క్ పడిన చోట గుర్తుగా పెట్టే చిన్న డిస్క్) దాటుతోంది. వయసులో పెద్దాయన, వారం వారం కలిసి ఆడేవాళ్లం. చూసీ చూడనట్టు ఊరుకోవచ్చా? – ఒక పాఠకుడు, షార్లట్

ఊరుకోకూడదు. తప్పు స్పష్టంగా కనబడితే కాల్ చేయాలన్నది, అంటే అక్కడే తప్పని ప్రకటించాలన్నది, నిబంధనల్లోనే ఉంది. ప్రతి కార్డు వెంటా అంపైర్ తిరగడు కదా. మీ మొహమాటం ఖరీదు పక్క కార్డుల్లో ఒళ్లు దగ్గర పెట్టుకుని ఆడుతున్నవాళ్లు కడతారు.

అయితే మీరు చూసింది నిజంగా తప్పేనా అన్నది ముందు తేల్చుకోండి. మినీ వెనక అంచు నుంచి వెనక్కి 30 సెంటీమీటర్లు, అడ్డంగా 20 సెంటీమీటర్లు ఉన్న చోటే 'లై', అంటే కాలు ఆనించి విసరాల్సిన చోటు. బుట్ట వైపు నిలువుగా పరిచిన ఏ4 కాగితమంత అనుకోండి. డిస్క్ చేతిని వదిలే క్షణంలో ఒక కాలైనా ఆ కాగితం మీద ఆని ఉండాలి. రెండో కాలు నేల మీదుంటే అది మినీ వెనక అంచు కన్నా బుట్టకు దగ్గరగా ఉండకూడదు, ఓబీలోనూ (ఆట హద్దు బయట) ఉండకూడదు. డిస్క్ వదిలేశాక ఆ ఊపులో కాలు ముందుకు పడటం బుట్టకు 10 మీటర్ల అవతల తప్పే కాదు. కాలు మినీ దాటిందని మీకు అనిపించినవాటిలో కొన్ని ఇలాంటివే కావచ్చు.

అసలు తప్పులు ఎక్కువగా పక్కకి జరుగుతాయి. ఏటవాలుగా పరుగెత్తి వచ్చినప్పుడు ఆనించే కాలు ఆ 20 సెంటీమీటర్ల వెడల్పు దాటి పడుతుంది. పక్క నుంచి చూస్తే ఇది తెలియదు. వెనకగా, అడ్డం రాకుండా నిలబడి కాలినే చూడండి. డిస్క్ ఎటు పోయిందో మిగతావాళ్లు చూస్తారు.

తప్పు కనబడగానే "ఫుట్ ఫాల్ట్" అని అందరికీ వినబడేలా చెప్పాలి. రెండు హోల్స్ (ఒక్కో బుట్ట దాకా ఆడేది ఒక హోల్) అయ్యాక తీరిగ్గా గుర్తుచేస్తే చెల్లదు. కార్డులో ఇంకొకరు "అవును, నేనూ చూశాను" అంటేనే అది పడుతుంది. ఒకప్పుడు మొదటిసారి హెచ్చరికతో పోయేది. ఇప్పుడు మొదటి తప్పుకే ఒక పెనాల్టీ త్రో, అంటే స్కోరుకు ఒక త్రో కలుస్తుంది. విసిరిన త్రో నిలుస్తుంది, మళ్లీ విసరడం ఉండదు. ఎవరూ సమర్థించకపోతే వాదన పెంచకండి. "అన్నా, తర్వాతి త్రోకి అందరం కాలు చూద్దాం" అని మర్యాదగా అనండి, చాలు.

10 మీటర్ల లోపల లెక్క వేరు. పట్ (బుట్టలోకి వేసే దగ్గరి త్రో) చేశాక మినీ వెనకే నిలదొక్కుకున్నట్టు కనబడాలి, ఆ తర్వాతే బుట్ట వైపు అడుగు. తూలి ముందుకు పడితే డిస్క్ గొలుసుల్లో పడ్డా పెనాల్టీ తప్పదు. మూడో త్రోతో బుట్టలో వేసినా కార్డు మీద 4 పడుతుంది.

ప్రశ్న: డిస్క్ ఓబీ తాడు మీద పడింది. నేను వెళ్లేసరికి విసిరినవాడే దాన్ని చేతిలోకి తీసుకుని "లోపలే ఉంది" అన్నాడు. ఏం చేయాలి? – ఒక పాఠకురాలు, ఆస్టిన్ దగ్గర

అది ఓబీ. విసిరినవాడు తేల్చకముందే డిస్క్ కదిపితే ఓబీగానే లెక్క. నిజానికి అతనికే నష్టం. ఓబీ గీత కూడా ఓబీలో భాగమే. కానీ డిస్క్ చుట్టూ పూర్తిగా, స్పష్టంగా ఓబీయే ఉంటే తప్ప బయట పడినట్టు కాదు. రవ్వంత అంచు గీత దాటి లోపలికి వచ్చినా బతికిపోయేవాడు. తాడుకు నేరుగా పైన వంగి చూడాలి, పక్క నుంచి చూస్తే కన్ను మోసం చేస్తుంది. కార్డులో సగం మంది ఇటు, సగం మంది అటు అంటే ఆటగాడికి మేలు చేసే నిర్ణయమే తీసుకుంటారు. ఒప్పుకోకపోతే అధికారికి అప్పీల్ చేసుకోవచ్చు.

ప్రశ్న: ఒక త్రో విసరడానికి ఇచ్చే 30 సెకన్లు ఎప్పటి నుంచి లెక్కపెట్టాలి?

ముందువాడు విసిరాక, ఈ ఆటగాడు తన లై దగ్గరికి చేరడానికి తగినంత సమయం గడిచాక, ఎదుట దారి ఖాళీ అయ్యాక. 30 సెకన్లు దాటితే మొదటిసారి హెచ్చరిక. అదే రౌండ్‌లో మళ్లీ జరిగితే ఒక పెనాల్టీ త్రో. మనసులో లెక్కపెట్టకుండా గడియారం చూడండి. 2022లో ఫిన్లాండ్‌లోని నోకియాలో జరిగిన యూరోపియన్ ఓపెన్‌లో ఈ టైమ్ కాల్ మీద అధికారితో గొడవపడిన ఒక ప్రొఫెషనల్ పోటీ నుంచే బయటికి పోయాడు, తర్వాత సస్పెండ్ కూడా అయ్యాడు. అందుకే కాల్ చేసేవాడి చేతిలో సరైన లెక్క ఉండాలి.

ప్రశ్న: ఆరో హోల్‌లో నాకు 5 పడింది, కార్డులో 4 అని ఉంది. అప్పగించాక గమనించాను. ఇప్పుడు చెబితే శిక్ష వేస్తారా? – ఒక పాఠకుడు, డాలస్

వేస్తారు. సరైన మొత్తానికి రెండు త్రోలు కలుపుతారు. కార్డులో 58 ఉంటే, అసలు 59, మీ స్కోరు 61. పొరపాటున ఎక్కువ రాసుకున్నా ఇదే శిక్ష. చెప్పకుండా ఊరుకుంటే మాత్రం అది పొరపాటు కాదు, నిబంధనను కావాలని తప్పించుకోవడం. టోర్నమెంట్ డైరెక్టర్ అనర్హుణ్ణి చేయవచ్చు. అప్పుడు బహుమతీ పోతుంది, కట్టిన ఫీజూ తిరిగి రాదు. ఇప్పుడే వెళ్లి చెప్పండి.

ఇకపై ప్రతి హోల్ అవ్వగానే స్కోరు రాసేవాడు పేరు పిలవాలి, మీరు అంకె గట్టిగా చెప్పాలి, అతను తిరిగి చదవాలి. తల ఊపితే సరిపోదు. ఫోన్‌లో రాసినా తప్పు అంకె నొక్కితే మొత్తం తప్పే వస్తుంది. అన్నట్టు, రౌండ్ ముగిసిన 30 నిమిషాల్లో కార్డు అప్పగించకపోతే దానికీ రెండు త్రోలే.