కేబుల్ వంచి పట్టుకుంటేనే ఛార్జింగ్ ఎక్కుతుంటే
వరంగల్ ఎనుమాముల మార్కెట్లో పత్తి దగ్గర పనిచేసే ఒకరు తన ఫోన్ గురించి ఇదే అడిగారు. కొత్త కేబుల్‌తోనూ అంతే అంటున్నారు కాబట్టి తప్పు కేబుల్‌ది కాదు. పత్తి దగ్గర పని కదా, పోర్టులో (ఛార్జింగ్ ప్లగ్గు పెట్టే రంధ్రంలో) దూది పీచు గట్టిపడి ఉంటుంది.

1. ఫోన్ స్విచ్ ఆఫ్ చేయండి.

2. టార్చ్ వేసి లోపల చూడండి. చాలామంది నోటితో ఊదేసి, అయిపోయిందనుకుంటారు. అలా పోదు, పైగా తడి చేరుతుంది. ప్లగ్గు పెట్టినప్పుడల్లా పీచు అడుగుకు అణిగిపోతుంది. చెక్క టూత్‌పిక్‌తో అంచుల వెంట మెల్లగా గీకి బయటికి లాగండి. టైప్-సి అయితే మధ్యలోని సన్నని పలకను తాకొద్దు. సూది, పిన్నీసు అసలే వద్దు.

3. ప్లగ్గు పూర్తిగా లోపలికి దిగాలి.

అప్పటికీ వదులుగా ఉంటే పోర్టు అరిగినట్టే. చాలా ఫోన్లలో అది చిన్న బోర్డు మీద విడిగా ఉంటుంది, టెన్షన్ పడకండి. అదొక్కటే మార్పించండి.