పెట్టె మీది అంకె చూసి మోసపోకు

చి. కార్తీక్‌కు,

మామయ్య ఆశీస్సులు. దూరం కొలిచే డబ్బాలు, అదే రేంజ్‌ఫైండర్లు, నాలుగింటి ఫొటోలు పంపి "ఏది కొనమంటావు మామయ్యా" అని అడిగావు. నాలుగింటి మీదా 2000 గజాలు, 3000 గజాలు అని పెద్ద అక్షరాలే ఉన్నాయి. ఫోన్లో చెబితే సగం విని "సరే సరే" అంటావని రాస్తున్నాను.

అసలు ఇక్కడ నువ్వు చేసే షూటింగ్‌కి దానితో పనే లేదు. మన రేంజుల్లో 10 మీటర్లు, 25 మీటర్లు, 50 మీటర్లు అని దూరం ముందే కొలిచి పెట్టి ఉంటుంది. మన ఊళ్లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో. అక్కడ దూరం ఎంత అని అడిగేవాడు ఎవడూ ఉండడు. ఇక వేట అంటావా, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన దేశంలో అది నేరం. ఒకప్పుడు నిజాములు వేటాడిన వనస్థలిపురం అడవిలో ఇప్పుడు కృష్ణజింకలు హాయిగా తిరుగుతున్నాయి, అదే నయం. కాబట్టి నీకిది పనికొచ్చేది నవంబర్‌లో టెక్సాస్‌లో శ్రీను బావ దగ్గరికి వెళ్లినప్పుడే. అక్కడి లైసెన్సు సంగతులు వాణ్ణే అడుగు, నేను డబ్బా సంగతి చెబుతాను.

గోల్కొండలో ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్‌లో వినిపిస్తాయి కదా. రేంజ్‌ఫైండర్ కూడా చప్పట్లే కొడుతుంది, కాకపోతే వెలుతురుతో. కంటికి కనబడని లేజర్‌ని ఒక్క క్షణం వదిలి, అది దేనికో తగిలి తిరిగొచ్చేదాకా ఎంతసేపు పట్టిందో లెక్క కడుతుంది. కిలోమీటరు దూరం పోయి రావడానికి ఎంత పడుతుందనుకున్నావు? సెకనుని పది లక్షల ముక్కలు చేస్తే అందులో ఏడు ముక్కలు కూడా పట్టవు. ఉప్పల్ సర్వే ఆఫీసులో నేను ముప్పయ్యేళ్లు మోసిన పెట్టెలూ ఇంచుమించు ఈ పనే చేసేవి. కాకపోతే అవతలి చివర మా మనిషి ప్రిజం, అంటే వెలుతురుని వచ్చిన దారినే వెనక్కి పంపే గాజు, పట్టుకుని నిలబడేవాడు. జింక ప్రిజం పట్టుకుని నిలబడదు.

కిటుకంతా అక్కడే ఉంది. పెట్టె మీది 2000 ప్రిజం లాంటి మెరిసే వస్తువు మీద వచ్చిన అంకె. లోపలి కాగితంలో చిన్న అక్షరాలు చూడు, చెట్టుకి ఎంత, జింకకి ఎంత అని విడిగా వేస్తారు. జింకది చాలాసార్లు మొదటి అంకెలో సగం కూడా ఉండదు. మిట్టమధ్యాహ్నం ఎండలో, పొగమంచులో, దుమ్ములో అదీ తగ్గుతుంది. నా పాత డబ్బాని ఒకసారి ట్యాంక్ బండ్ మీద పరీక్షించాను. హుస్సేన్ సాగర్ బుద్ధుడి మీద పెట్టగానే అంకె వచ్చేసింది, తెల్లటి పెద్ద రాయి కదా. అవతలి ఒడ్డు చెట్ల మీద పెడితే ఒట్టి గీతలే. ఈలోగా ఒక కానిస్టేబుల్ వచ్చి "ఏం చూస్తున్నారు సార్" అన్నాడు. సచివాలయం దగ్గర్లో ఇలాంటివి పట్టుకుని నిలబడకు, నువ్వైతే ఇంకా కుర్రాడివి.

కొనేవాళ్లు సాధారణంగా అడగనిది ఒకటుంది, కిరణం ఎంత వెడల్పు అని. కాగితంలో మిల్లీరేడియన్లలో రాస్తారు. 1 మిల్లీరేడియన్ అంటే 1000 మీటర్ల దగ్గర 1 మీటరు వెడల్పు. 2 మిల్లీరేడియన్ల కిరణం 600 మీటర్ల దగ్గర 1.2 మీటర్లు అవుతుంది. శ్రీను వాళ్ల పొలంలో గురికి పెట్టిన స్టీల్ ప్లేట్లు అడుగున్నర కూడా ఉండవు. మిగతా వెలుతురు ముందున్న గడ్డి మీద, వెనకున్న మట్టికట్ట మీద పడుతుంది. డబ్బా వాటిలో దేని దూరం చూపిస్తుందో దానికే తెలియాలి. కిరణం సన్నగా ఉన్నదానికి నాలుగు డబ్బులు ఎక్కువైనా పెట్టు.

నువ్వు పంపిన వాటిలో రెండోది గోల్ఫ్ వాళ్లది. చవగ్గా ఉందని ఆశపడకు. గోల్ఫ్‌లో ముందున్న జెండా కావాలి కాబట్టి అది దగ్గరి వస్తువునే పట్టుకుంటుంది. నీకు గడ్డి వెనకున్నది కావాలి. పైగా దాని వాలు లెక్క వేరు. గోల్ఫ్ డబ్బా ఎత్తుకి కొడితే దూరం పెంచి చూపిస్తుంది. తూటాకి అలా కాదు. పైకి కాల్చినా కిందికి కాల్చినా అడ్డంగా ఉన్న దూరమే లెక్క. 30 డిగ్రీల వాలులో 400 అని వస్తే 346కే కాల్చాలి. ఆ లెక్క తనే వేసి చూపించే డబ్బా తీసుకో.

దూరం తప్పితే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. 100 గజాలకి గురి సరిచేసిన .308 రైఫిల్ తూటా 500 గజాల దగ్గర సుమారు అయిదడుగులు కిందికి దిగుతుంది, 600 దగ్గర ఏడున్నర అడుగులు దాటుతుంది. పోయినసారి శ్రీను దగ్గరికి వెళ్లినప్పుడు నా డబ్బా 600 అంది, వాడు ఏ దూరానికి స్కోపు ఎంత తిప్పాలో రాసుకున్న తన పట్టీలో 600 చూసి తిప్పాడు. మూడు తూటాలూ ప్లేటు కింద మట్టి లేపాయి. రైఫిల్‌ని తిట్టాం, గాలిని తిట్టాం. అప్పుడు చూశాను, నా డబ్బా మీటర్లలో ఉంది, వాడి పట్టీ గజాల్లో ఉంది. 600 మీటర్లంటే 656 గజాలు. ముప్పయ్యేళ్ల సర్వేయర్ని, నా పరువు పోయింది. నువ్వు మాత్రం కొన్న రోజే గజాల్లో పెట్టి ఇక ముట్టుకోకు.

డిస్‌ప్లేలో ఎర్ర అంకెలున్నది చూడు. జింకలు బయటికొచ్చేది మునిమాపున, అప్పుడు నల్ల అంకెలు నల్ల చెట్లలో కలిసిపోతాయి. ఆరేడు రెట్లు దగ్గరగా చూపిస్తే చాలు, అంతకంటే ఎక్కువైతే చేతి వణుకు కూడా పెద్దదవుతుంది. అడుగున ట్రైపాడ్ మరకి చోటు ఉండాలి. ఫోన్‌కి కలపడం, యాప్‌లు, అవన్నీ ఇప్పుడే వద్దు. లైకా, సిగ్ సావర్, లూపోల్డ్, వోర్టెక్స్ అందరూ మంచివీ చేస్తారు, మామూలువీ చేస్తారు. పేరు చూసి ఎగబడకు. ఇక్కడ తెప్పించే బదులు అక్కడే కొను, నచ్చకపోతే వెనక్కి ఇవ్వొచ్చు.

కొన్నాక ఒక పరీక్ష చెయ్యి. మా డాబా మీంచి సందు చివర కరెంటు స్తంభం, దాని వెనక దూరంగా నీళ్ల ట్యాంకు కనిపిస్తాయి. బటన్ నొక్కి పట్టుకుని, లోపల కనిపించే గురి గుర్తుని ఎడమ నుంచి మెల్లగా స్తంభం వైపు జరిపాను. గుర్తు ఇంకా స్తంభాన్ని తాకనేలేదు, అంకె 640 నుంచి 182కి దిగిపోయింది. అంటే నా డబ్బాలో లేజర్ గుర్తుకి కాస్త కుడిపక్కన పడుతోంది. ఆ తేడా తెలుసుకున్నాక నాకు గురి ఎప్పుడూ తప్పలేదు. పైకీ కిందికీ కూడా ఇలాగే చూడాలి, గోడ అంచు మీద.

శ్రీను వాళ్ల దగ్గర జింకని మాటు మీంచి కాల్చేది ఎక్కువగా 200 గజాల లోపే. డబ్బా 700 చూపించింది కదా అని 700 దగ్గర జింక మీద ప్రయత్నించకు. అంత దూరం ప్లేట్లకే.

ఆదివారం రా, నా పాతది ఇస్తాను, డాబా మీద చెయ్యి తిప్పుకుందువు గాని. అత్తయ్య గోంగూర పచ్చడి సీసా శ్రీనుకి పంపుతుందట, సంచిలో చోటు ఉంచుకో. వచ్చేటప్పుడు సీఆర్2 బ్యాటరీ ఒకటి పట్టుకురా, ఇందులోది అయిపోయింది.

మీ మామయ్య