అమెరికాలో ఎన్‌ఎల్‌టాపా అనే సంఘం రోడ్లు వేస్తుందా?

వేయదు, నిధులూ పంచదు. అక్కడి రోడ్లలో దాదాపు నాలుగింట మూడు వంతులు కౌంటీలు (మన జిల్లాల్లాంటివి), పట్టణాలు, టౌన్‌షిప్‌ల (కౌంటీల్లోని చిన్న స్థానిక పాలనా విభాగాల) కిందే ఉంటాయి. చిన్న ఊళ్లలో చాలాచోట్ల సొంత ఇంజనీరే ఉండడు. వాళ్లకు సాయంగా ఫెడరల్ హైవే శాఖ 1982లో ఓ పథకం పెట్టింది. అదే ఇప్పటి ఎల్‌టాప్, అంటే స్థానిక సంస్థలకు సాంకేతిక సాయం అందించే కార్యక్రమం. ప్రతి రాష్ట్రంలో ఒక కేంద్రం, చాలావరకు యూనివర్సిటీల్లోనే. అక్కడ స్థానిక రోడ్డు సిబ్బందికి నేర్పేదంతా పనికొచ్చే సరుకే: కంకర రోడ్డు నడిమధ్య ఎత్తుగా ఉండి, పక్కలకు సుమారు 4 శాతం వాలు లేకపోతే నీళ్లు నిలిచి గుంతలు పడతాయి, మంచుకు ఉప్పు ఎంత చల్లాలి, పని జరిగేచోట ట్రాఫిక్ ఎలా మళ్లించాలి, ఇలాంటివి. ఈ కేంద్రాల జాతీయ సంఘమే ఎన్‌ఎల్‌టాపా. ఒకచోట తయారైన పాఠం మిగతా కేంద్రాలకు అందేలా చూస్తుంది, కౌంటీ ఇంజనీర్ల సంఘం లాంటివాటితో కలిసి పనిచేస్తుంది.