‘గాడ్‌ఫాదర్ లేకుండా పైకొచ్చాడు’ అని తెలుగులో రాయొచ్చా? (సందేహాలు – సమాధానాలు)

సందేహం: మా పాప స్కూల్లో తనకిష్టమైన హీరో మీద వ్యాసం రాస్తూ ‘ఏ గాడ్‌ఫాదర్ లేకుండా ఇండస్ట్రీలో పైకొచ్చాడు’ అని రాసింది. టీచర్ గారు ఆ మాట కొట్టేసి పైన ‘ధర్మపిత’ అని రాశారు. మా ఆయనేమో గాడ్‌ఫాదర్ అంటే మాఫియా డాన్ కదా, హీరోకి డాన్ ఎందుకు అంటున్నారు. ఎవరు కరెక్టు? డాన్, మాఫియా, గాడ్‌ఫాదర్ మూడూ ఒకటేనా?

సమాధానం: పాప రాసిందే కరెక్టండి. ధర్మపిత అనే మాట హిందీ వాళ్ళకి అలవాటు, మన దగ్గర ఎవరైనా ఇంట్లోగానీ టీ కొట్టు దగ్గరగానీ అనగా నేనైతే వినలేదు, వింటే ధర్మరాజుగారి నాన్నేమో అనుకుంటాం. ఇక మీ ఆయన అన్నదాంట్లో సగం నిజముంది, ఆ సగం ఎక్కడిదో తెలియాలంటే సినిమా దాకా వెళ్ళాలి.

అసలు ఇది చర్చి మాట. పిల్లకి జ్ఞానస్నానం ఇప్పించేటప్పుడు కన్నవాళ్ళతో పాటు ఇంకొకాయన పక్కన నిలబడి ఈ బిడ్డ మంచిచెడ్డా నేనూ చూస్తాను అని దేవుడి ముందు మాటిస్తాడు, ఆయన గాడ్‌ఫాదర్, మన కేథలిక్కులు జ్ఞానతండ్రి అంటారు. ఇటలీలోని సిసిలీ దీవి వైపు ఈ చుట్టరికానికి రక్తసంబంధమంత విలువ. 1969లో మారియో పూజో రాసిన ‘ది గాడ్‌ఫాదర్’ నవల, 1972లో అదే పేరుతో కొప్పోలా తీసిన సినిమా వచ్చాకే ఈ మాటకి నేరసామ్రాజ్యం పెద్ద అనే అర్థం ఊరూరా పాకింది. పూజో అయితే ఆ అర్థం నేను పుట్టించిందే అని కూడా చెప్పుకున్నాడు. తమాషా ఏంటంటే సినిమా చూశాక నిజం మాఫియా వాళ్ళే ఆ మాటలూ ఆ దర్జా అలవాటు చేసుకున్నారని చెప్తారు, అంటే కల్పన ముందు, నిజం దాని వెనకాల.

సినిమా మొదటి సీనే ఒకసారి చూడండి. కూతురి పెళ్ళి రోజు మాఫియా పెద్ద డాన్ వీటో చీకటి గదిలో కూర్చునుంటాడు, శవాలకి అంత్యక్రియలు చేసే బొనసేరా వచ్చి నా కూతుర్ని కొట్టినవాళ్ళని చంపించు, ఎంత కావాలో చెప్పు ఇస్తాను అంటాడు. డాన్‌కి కోపమొచ్చింది చంపమన్నందుకు కాదు. నా భార్య నీ ఒక్కగానొక్క పిల్లకి జ్ఞానతల్లి, అయినా ఒక్కసారన్నా కాఫీకి పిలవలేదు, ఇప్పుడొచ్చి డబ్బిస్తానంటావు, కనీసం గాడ్‌ఫాదర్ అని పిలవను కూడా పిలవట్లేదు, ఇదీ ఆయన బాధ. చివరికి బొనసేరా వంగి చెయ్యి ముద్దుపెట్టుకుని ‘గాడ్‌ఫాదర్’ అన్నాకే వాళ్ళని శిక్షించటానికి ఒప్పుకుంటాడు, ఎప్పుడో ఒకరోజు నేనూ నిన్నొక సాయం అడుగుతాను గుర్తుపెట్టుకో అని కూడా అంటాడు. అంటే డబ్బు లెక్క కాస్తా చుట్టరికం లెక్క అయిపోయింది, ఇక అది జన్మలో తీరదు. సినిమా చివర్లోనూ అదే ఆట. కొడుకు మైకేల్ చర్చిలో చెల్లెలి బిడ్డకి జ్ఞానతండ్రిగా నిలబడి సైతానుని వదిలేస్తున్నాను అని ఫాదర్‌కి జవాబు చెప్తుంటే అటు ఊళ్ళో అతని మనుషులు పోటీ ముఠాల పెద్దల్ని వరసగా కాల్చేస్తుంటారు. చర్చి అర్థం, నేరం అర్థం రెండూ ఒకే సీన్లో పక్కపక్కన నడుస్తాయి. (ఆ చంటిబిడ్డ డైరెక్టర్ గారి సొంత కూతురు సోఫియా, తర్వాత తనూ డైరెక్టరయింది.)

మరి తెలుగులోకి ఏ అర్థం వచ్చింది? నన్నడిగితే జానీ ఫాంటేన్ వైపు నుంచి వచ్చిందంటాను. వీడో పాటగాడు, డాన్ జ్ఞానపుత్రుడు, సినిమాలో వేషం కావాలి, హాలీవుడ్ నిర్మాత ఇవ్వనంటాడు, పెళ్ళికొచ్చి గాడ్‌ఫాదర్ దగ్గర ఏడుస్తాడు. తర్వాత ఆ నిర్మాత తెల్లారి లేచేసరికి పక్కలో తన పందెపు గుర్రం తల నరికి పెట్టి ఉండటం, వేషం జానీకి దక్కటం అందరికీ తెలిసిందే. మనం ఆ గుర్రం తల వదిలేసి వేషం ఇప్పించటం ఒక్కటే తీసుకున్నాం. అందుకే తెలుగులో గాడ్‌ఫాదర్ అంటే హంతకుడు కాడు, కొత్తవాడికి ఛాన్సులిప్పించే పెద్దమనిషి. సినిమాల్లో, ఆ తర్వాత రాజకీయాల్లో, ‘ఢిల్లీలో వాడికి గాడ్‌ఫాదర్ ఉన్నాడు, టికెట్ ఖాయం’ అన్నట్టు.

ఇంకో సంగతి గమనించండి, తెలుగులో ఈ మాట ఎక్కువగా ‘లేడు’, ‘లేకుండా’ తోనే వస్తుంది. ఉన్నవాడు స్టేజీ ఎక్కి నా గాడ్‌ఫాదర్ ఫలానా అని పెద్దగా చెప్పుకోడు, గురువుగారు అంటాడు, అన్నయ్య అంటాడు, మా పెద్దాయన అంటాడు. ఎవరి మీదో చెప్పేటప్పుడు మాత్రం గాడ్‌ఫాదర్. ఎంత కడిగినా సినిమా వాసన కొంచెం మిగిలిందన్నమాట. గాడ్‌ఫాదర్ లేకుండా ఎదిగినవాళ్ళు అనగానే మనవాళ్ళు ముందు చెప్పే పేరు చిరంజీవి, ఆయనే 2022లో గాడ్‌ఫాదర్ పేరుతో సినిమా చేశారు, అదేమో మలయాళం లూసిఫర్‌కి రీమేక్, కొప్పోలా కథ కాదు. పేరొక్కటే ఎంత దూరం ప్రయాణం చేసిందో చూడండి.

కథ నీడ పడ్డ మన సినిమాలు వేరే ఉన్నాయి, 1987 నాటి మణిరత్నం నాయకుడు, 2005లో రామ్‌గోపాల్ వర్మ హిందీలో తీసిన సర్కార్. వాటిల్లో ఎవరూ పెద్దాయన్ని గాడ్‌ఫాదర్ అనరు, ఒకచోట నాయకర్, ఇంకోచోట సర్కార్. ఆ మాట అక్కర్లేకపోయింది ఎందుకంటే భయపడేవాణ్ణి వరస పెట్టి పిలవటం మనకి ముందునుంచీ ఉన్నదే, దాదా అన్నా భాయ్ అన్నా అసలు అర్థం అన్నయ్యే, తెలంగాణ పల్లెల్లో నక్సలైట్లని కూడా ‘అన్నలు’ అనేవాళ్ళు.

అచ్చతెలుగు మాట లేదా అంటే ఉన్నాయి, అండ, దన్ను, ఆసరా, ‘వెనకాల ఎవరో ఉన్నార్రా’ అనటం. వ్యాసంలో ‘ఎవరి అండా లేకుండా’ అని రాస్తే ఇంకా బాగుంటుంది, టీచర్ గారు అలా దిద్ది ఉంటే నేనూ ఒప్పుకునేవాణ్ణి. పెద్దదిక్కు మాత్రం ఇక్కడ పనికిరాదు, అది ఇంటి బాధ్యత చూసేవాడికి. వెనకేసుకురావటం అంటే తప్పుచేసినవాడి తరఫున మాట్లాడటం, అదీ వేరే.

డాన్ సంగతి. ఇటలీలో అది మనిషి కాదు, మర్యాద. పేరు ముందు పెడతారు, డాన్ వీటో అని, మనం పేరు తర్వాత గారు పెట్టినట్టు. కాబట్టి ‘డాన్ వచ్చాడు’ అనటం వాళ్ళ లెక్కలో ‘గారు వచ్చాడు’ అన్నట్టే ఉంటుంది. మనకేమో 1978 హిందీ డాన్, మరుసటేడు ఎన్టీఆర్‌తో దాని తెలుగు రీమేక్ యుగంధర్ వచ్చాక ముఠా నాయకుడు అనే అర్థమే స్థిరపడిపోయింది, లేడీ డాన్ అని ఆడవాళ్ళకీ పెట్టేశాం. వాడుకలో కుదురుకుంది కాబట్టి తప్పనను, కానీ గాడ్‌ఫాదర్‌కి బదులుగా వాడలేం, డాన్‌కి ముఠా ఉండాలి, గాడ్‌ఫాదర్‌కి పలుకుబడి ఉంటే చాలు.

మాఫియా అంటే మనిషి కాదు, సిసిలీలో పుట్టిన ముఠాల వ్యవస్థ. ఇంతా చేసి ఆ 1972 సినిమాలో ఆ మాట ఒక్కసారి కూడా వినపడదు, ఇటాలియన్ అమెరికన్ల సంఘం గొడవ చేస్తే నిర్మాత ఆల్బర్ట్ రడ్డీ ఒప్పుకుని స్క్రిప్టులో ఉన్న కాస్తా తీసేశాడు. మన పేపర్లలో మాత్రం ఇసుక మాఫియా, భూ మాఫియా, బియ్యం మాఫియా, రోజూ ఏదో ఒకటి. అధికారులూ నాయకులూ కలిసి వ్యవస్థగా నడిపే దందాకైతే ఆ మాట సరిపోతుంది, రాత్రిపూట నాలుగు ట్రాక్టర్లు తోలినవాళ్ళకి ముఠా అంటే సరిపోతుంది, ఆ మాత్రానికి సిసిలీ దాకా వెళ్ళక్కర్లేదు.