పాతదేగా అనకు కిట్టూ

ఒరేయ్ కిట్టూ,

పాత పద్యాల సీడీని ఫోన్లలో ఆడేలా మళ్ళీ తయారుచేస్తున్నావని మీ అమ్మ చెప్పింది. జాషువా పద్యం కోసం నిద్ర మానుకుంటున్నావట, వినగానే కళ్ళు చెమర్చాయి. "పాతదేగా, ఎవరడుగుతారులే" అన్నావని కూడా చెప్పింది, అప్పట్నుంచీ టెన్షన్‌గా ఉంది. బెజవాడ ఏలూరు రోడ్డులో అచ్చుపనిలోనే నా ఉద్యోగమంతా గడిచింది, ఆ మాట ఇంకోసారి నీ నోట రాకూడదు.

అలాంటి సీడీలని ఆడించే ఫ్లాష్ సాఫ్ట్‌వేర్ 2020 ఆఖరుతో ఆగిపోయిన సంగతి నీకే బాగా తెలుసు. ముందు డిస్కు కాపీ తీసి దాచు. పద్యాల కాపీరైటుకి కవి పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు లెక్కపెట్టు. గురజాడ 1915లో పోయారు, ఆయన రాతకి ఎవర్నీ అడగక్కర్లేదు. జాషువా గారు 1971లో పోయారు, అంటే 2031 ఆఖరుదాకా అడగాల్సిందే. గురజాడదే కదా అని సీడీలోని గొంతు తీసి వాడేస్తావేమో, అదే నా భయం. రికార్డింగుకి విడుదల తర్వాత 60 ఏళ్ళు, చదివినవాళ్ళకి చదివిన ఏడాది తర్వాత 50 ఏళ్ళు హక్కుంటుంది. బొమ్మలు వేసినాయన సంగతి మళ్ళీ వేరే.

నాతో పనిచేసినాయన ఒకరు ఇలాగే ఓ కవిగారి పద్యాలు క్యాసెట్ వేశాడు. కవిగారి పెద్దబ్బాయి కాఫీ ఇచ్చి, "నాన్నగారి పద్యాలు నలుగురూ వింటే అంతకన్నా ఏం కావాలయ్యా, వేసుకో" అన్నాడు. అంతే, కాగితం లేదు. ఆ మాట మీద భార్య గాజులు తాకట్టు పెట్టి క్యాసెట్లు కొట్టించాడు. పెద్దబ్బాయి పోయాడు, చిన్నకొడుకు నుంచి లాయరు నోటీసొచ్చింది, నాకూ మా అక్కకీ వాటా ఉంది, మమ్మల్ని అడిగావా అని. కోర్టు మెట్లెక్కే ఓపిక లేక వదిలేశాడు పాపం. అట్టపెట్టెలు ఇంట్లో గోడవారనే ఉండిపోయి టేపులకి బూజు పట్టింది. చదివినావిడ ప్రతి పాదం చివరా ఓ క్షణం ఆగేదిరా, ఆ ఆగడం కోసమే మళ్ళీ మళ్ళీ వినాలనిపించేది. ఆవిడ గొంతు ఇంకెక్కడా లేదు.

అందుకే వారసులందరి సంతకాలూ తీసుకో. యాప్, యూట్యూబ్, ఎన్నేళ్ళు, ఏ దేశాలు, అన్నీ విడివిడిగా రాయించు. ఏళ్ళు రాయకపోతే చట్టం ప్రకారం అయిదేళ్ళే, దేశం రాయకపోతే ఇండియా వరకే. సీడీ వేసిన కంపెనీ మూతబడితే హక్కు పోయిందనుకోకు, అది ఎవరి చేతికి వెళ్ళిందో వెతుకు. ఎంత వెతికినా ఎవరూ దొరక్కపోతే పేపర్లో ప్రకటన వేసి కాపీరైట్ చట్టం 31ఏ సెక్షన్ కింద లైసెన్సు అడగొచ్చు, లాయరుతోనే వెళ్ళు.

వీటన్నిటికంటే ముందు గుంటూరు రా. సీడీలో చదివిన మాస్టారు బ్రాడీపేటలోనే ఉన్నారు, ఎనభై దాటాయి, ఈ మధ్య నీరసపడ్డారు. ఆయన గొంతు ఆయనకే వినిపించు, సంతకం మాట తర్వాత. సాయంత్రం నాలుగు దాటాక వెళదాం. కాగితం రెండు కాపీలు నేనే రాసి ఉంచుతా.

మీ అత్తయ్య